పొద్దుగూకక ముందే విరూర్

సైకిలెక్కితే దారిలోని ప్రతి ఊరూ తెలుస్తుంది. బస్సులో కునికిపాట్లు పడుతూ దాటేసే పల్లెల్లో ఆగి మంచినీళ్లు అడగాల్సి వస్తుంది. మంచిర్యాల నుంచి చంద్రపూర్ దాకా మూడు రోజుల యాత్ర పెట్టుకున్న మేం నలుగురు మిత్రులం రెండో రోజు సరిహద్దు దాటాం. ఆసిఫాబాద్‌లో బయలుదేరి రాత్రికి రాజురాలో పడుకోవాలన్నది లెక్క. ఆ లెక్క తప్పింది. విరూర్‌లోనే ఆగిపోయాం. ఆగడమే మంచిదైంది.

తర్రి పోహాతో స్వాగతం

డిసెంబరు చలి. హ్యాండిల్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వాంకిడి దాటేసరికి ఎండ కాస్త వెచ్చబడింది. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు, వాటి వెనక టేకు చెట్లు. గోయగాం తర్వాత రాష్ట్రం మారింది. బోర్డుల మీద అక్షరాలు మారాయి కానీ మాట మారలేదు. లక్కడ్‌కోట్ దగ్గర పోహా మీద ఎర్రటి తర్రి పోసిచ్చిన హోటలాయన "ఏడికెల్లి వస్తున్నరన్నా?" అని తెలుగులోనే పలకరించాడు. ఇడ్లీకి అలవాటుపడిన మా నాలుకలు ఆ కారానికి మండిపోయాయి. అయినా ఇంకో ప్లేటు చెప్పాం.

ఒక్క ముల్లు... రెండు గంటలు

దేవాడ దరిదాపుల్లో మా వాడి వెనక చక్రం బుస్సుమంది. తుమ్మ ముల్లు. ట్యూబు విప్పి, సొల్యూషన్ రాసి, పట్టీ అతికించి గాలి కొట్టాం. అర కిలోమీటరు పోయామో లేదో మళ్లీ దిగిపోయింది. టైరు లోపల విరిగిన ముల్లు ముక్క అట్లనే ఉంది. పంక్చర్ వేసేవాడు ముందు టైరును చేత్తో తడిమి చూడాలన్న చిన్న సంగతి మరిచిపోయినందుకు రెండు గంటలు పోయాయి. చూస్తుండగానే నాలుగున్నర అయింది. చలికాలం, ఆరింటికల్లా చీకటి.

ఇద్దరిది ఒక మాట: "లైట్లున్నయి కదా, తొక్కేద్దాం." ఇద్దరిది ఇంకో మాట: "వద్దు." తేలలేదు.

"మీకు ఒక్క దినమే"

అప్పుడే పత్తి ఏరి గుంపుగా ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు ఎదురొచ్చారు. వారిలో పెద్దావిడ ఆగి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"చీకటి పడంగ ఎటు పోతరు బిడ్డా? పులి తిరిగే అడివి ఇది. విరూర్‌ల ఉండుండ్రి, పొద్దున పోండ్రి."

రోజూ మీరెట్లా వస్తున్నారమ్మా అని మాలో ఒకడు అడిగాడు. ఆమె నవ్వలేదు. "మీకు ఒక్క దినమే భయం. మాకు పత్తి అయిపోయేదాక. ఏరకుంటే ఎట్ల నడుస్తది?" అని కొంగు సర్దుకుని గుంపును అందుకుంది.

ఆమె మాట ఉత్తదేం కాదు. 2019 నుంచి ఈ రాజురా ప్రాంతంలో ఒక పులి వరుసగా మనుషుల్ని చంపింది. చివరికి 2020 అక్టోబరులో దాన్ని బోనులో పట్టారు. అడవికి సరిహద్దు రాయి తెలియదు. చంద్రపూర్ వైపు పెరిగిన పులులు వార్ధా, ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకూ వస్తుంటాయి. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనుకు పోయిన యువతి పులి దాడిలో చనిపోయింది. పులి వెనక నుంచి దాడి చేస్తుందని, తల వెనక పెట్టుకోవడానికి అక్కడి రైతులకు అటవీ శాఖ ముఖం మాస్కులు పంచింది. ఒంటరిగా పోవద్దని, చీకటి పడకముందే ఇంటికి చేరాలని చెబుతోంది. పత్తి కూలీలు పాటించే ఆ నియమం సైకిల్ తొక్కేవాళ్లకు వర్తించదా? ఇక వాదన లేదు. హ్యాండిళ్లు విరూర్ వైపు తిప్పాం.

అప్పుడు జిల్లా ఒక్కటే

ఊళ్లోకి వచ్చేసరికి రైల్వే స్టేషన్ లైట్లు వెలిగాయి. బల్లార్షా-కాజీపేట లైను మీది స్టేషన్ ఇది. రైలు కూత వినిపించిందంటే ఇటు తెలంగాణకు, అటు మహారాష్ట్రకు దారి తెరిచే ఉందన్నమాట. చాయ్ బండి దగ్గర కూర్చున్న ఓ పెద్దాయన మా సైకిళ్లను చూసి ముచ్చటపడ్డారు.

"మా చిన్నప్పుడు ఇదంత ఆదిలాబాద్ జిల్లనే. నాయిన సైకిల్ మీద సిర్పూరు అంగడికి పోయేటోడు. అప్పుడు రాష్ట్రం దాటుతున్నమని ఎవ్వరనుకున్నరు?" అన్నారు.

నిజమే. నిజాం కాలం నుంచి ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా తాలూకా 1956లో రాష్ట్రాల పునర్విభజనతో నాందేడ్ జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మారింది. ఆ చాందానే ఇప్పటి చంద్రపూర్. పెద్దాయన మనవడు బడిలో మరాఠీ చదువుతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. పేపర్లో తెలుగు అక్షరాలు చూపిస్తే కూడబలుక్కోలేకపోయాడు. "నువ్వు చదువు తాతా, నేను వింట" అన్నాడు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ రాత్రి వాళ్లింటి అరుగు మీదే పడక. జొన్న రొట్టె, వంకాయ కూర. పొద్దున మంచు విడిచాక బయలుదేరుతుంటే, పత్తి చేలకు గుంపులు కదులుతున్నాయి. నిన్నటి పెద్దావిడ మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. మేం రాజురా రోడ్డెక్కాం. ఆమె చేనువైపు నడిచింది. భయం మాకు నిన్నటితో తీరింది. ఆమెకు పత్తి ఇంకా చేనులోనే ఉంది.