ముందు ఓడ టైమ్, తర్వాతే బండి దారి
స్కాట్లాండ్ దీవులకు మోటార్‌సైకిల్ యాత్ర ప్లాన్ చేయడం ఎలా?



వేసవి సెలవులు దగ్గరపడుతుంటే ప్రతి ఇంట్లోనూ "ఎక్కడికి వెళ్దాం?" అన్న చర్చలో పిల్లలు ఉంటారు. "ఎలా వెళ్దాం?" అన్న దగ్గరికి వచ్చేసరికి వాళ్ళను పక్కన పెట్టేస్తాం. ఫోన్‌లో టికెట్లు మనమే బుక్ చేసేస్తాం. నిజానికి నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఉండేది ఆ రెండో ప్రశ్నలోనే. ఈ నెల దానికి ఒక మంచి ఉదాహరణ చూద్దాం. గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో బంధువులున్న కుటుంబాలకు ఇది నేరుగా పనికొస్తుంది. మిగతావారికి పిల్లలతో కూర్చుని చేసే మంచి కసరత్తు అవుతుంది.

ఒక లెక్కతో మొదలుపెడదాం. స్కాట్లాండ్‌కు పడమట అట్లాంటిక్ సముద్రంలో ఔటర్ హెబ్రిడీస్ అనే దీవుల వరస ఉంది. దక్షిణాన వాటర్సే దీవి నుంచి ఉత్తరాన లూయిస్ దీవి చివరి కొస దాకా 'హెబ్రిడియన్ వే' అనే సైకిల్ దారి పొడవు 297 కి.మీ. హైదరాబాదు నుంచి విజయవాడ దాటి కొంచెం ముందుకు వెళ్ళినంత దూరం. మనం తెల్లవారుజామున బండి తీస్తే మధ్యాహ్న భోజనానికి చేరిపోతాం. మరి అక్కడ మోటార్‌సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు వారం రోజులు ఎందుకు పెట్టుకుంటారు?

జవాబు మ్యాప్‌లోనే ఉంది. ఆ దారిలో పది దీవులున్నాయి. ఆరు చోట్ల సముద్రంలో రాళ్ళు పోసి కట్టిన కాజ్‌వేలు దీవులను కలుపుతాయి. రెండు చోట్ల రోడ్డే లేదు, ఓడ ఎక్కాల్సిందే. ప్రధాన భూభాగం నుంచి వెళ్ళడానికి ఒక ఓడ, తిరిగి రావడానికి ఇంకో ఓడ. మొత్తం నాలుగు ఓడలు. ఈ నాలుగు ఓడల టైమ్ టేబుల్ చుట్టూ మిగతా యాత్రంతా అల్లుకోవాలి.

పంటు వేరు, ఫెర్రీ వేరు

గోదావరి జిల్లాల వారికి రేవు దాటడం కొత్త కాదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద బండి ఎక్కించి అవతలి ఒడ్డుకు చేరడం చాలామందికి అలవాటే. ఒక పంటు తప్పితే కాసేపట్లో ఇంకొకటి వస్తుంది. కాబట్టి టైమ్ గురించి పెద్దగా ఆలోచించం.

హెబ్రిడీస్ దీవులకు నడిచే ఫెర్రీలు అలా కాదు. ఓబన్ అనే రేవు పట్టణం నుంచి బారా దీవిలోని కాసిల్‌బేకి దాదాపు ఐదు గంటల సముద్ర ప్రయాణం. రోజుకు ఒకటే ఓడ అనుకుని ప్లాన్ వేసుకోవడం మంచిది. అది తప్పితే ఆ రోజు పోయినట్టే. గాలి ఎక్కువైతే ఓడే రద్దవుతుంది. అప్పుడు మన పంక్చువాలిటీ ఏమీ చేయలేదు.

అందుకే ఇక్కడ ప్లానింగ్ వరస మనకు అలవాటైన వరసకు తలకిందులుగా ఉంటుంది. మామూలుగా ముందు చూడాల్సిన చోట్లు రాసుకుంటాం, తర్వాత హోటళ్ళు, చివర్లో బస్సో రైలో చూస్తాం. ఇక్కడ ముందు ఓడలు, ఆ తర్వాత రాత్రి బసలు, చివరికి బండి దారి. కాలెడోనియన్ మాక్‌బ్రేన్ అనే సంస్థ ఈ దీవులకు ఫెర్రీలు నడుపుతుంది. అందరూ దాన్ని కాల్‌మాక్ అంటారు. వేసవి టైమ్ టేబుల్ సుమారుగా మార్చి చివరి నుంచి అక్టోబరు చివరి వరకు ఉంటుంది. మోటార్‌సైకిల్‌కు కారుకన్నా తక్కువ చోటు చాలు, చార్జీ కూడా తక్కువే. అలాగని అక్కడికి వెళ్ళాక చూసుకుందాం అనుకోకండి. పెద్ద ఓడల్లో చోటు ముందే బుక్ చేసుకోవాలి.

తొమ్మిది రోజుల నమూనా పట్టిక

1వ రోజు, సోమవారం: గ్లాస్గో నుంచి లోమండ్ సరస్సు పక్కగా ఓబన్‌కు, సుమారు 155 కి.మీ. రాత్రి అక్కడే ఆగాలి. అదే రోజు ఓడ అందుకోవాలని పరుగెత్తకండి.

2వ రోజు: ఓబన్ నుంచి కాసిల్‌బేకి ఫెర్రీ.

3వ రోజు: బారా దీవి. ఇక్కడి విమానాశ్రయాన్ని పిల్లలకు తప్పక చెప్పండి. సముద్రపు ఇసుక తీరమే రన్‌వే. పోటు వచ్చినప్పుడు రన్‌వే నీళ్ళలో మునిగిపోతుంది, అందుకే విమానాల వేళలు ఆటుపోట్లను బట్టి మారుతుంటాయి.

4వ రోజు: బారా నుంచి ఎరిస్కే దీవికి 40 నిమిషాల ఫెర్రీ. అక్కడి నుంచి కాజ్‌వేల మీదుగా సౌత్ యూయిస్ట్, బెన్‌బెక్యులా, నార్త్ యూయిస్ట్ దాటి బెర్నరే దీవి దాకా సుమారు 100 కి.మీ.

5వ రోజు: బెర్నరే నుంచి హారిస్ దీవిలోని లెవర్‌బరాకు గంట ప్రయాణం. ఇక్కడ నీటి అడుగున రాళ్ళు ఎక్కువ కాబట్టి ఓడ మెలికలు తిరుగుతూ పోతుంది, పగటి వెలుతురులోనే నడుస్తుంది. సాయంత్రం లస్కెంటైర్ ఇసుక తీరం.

6వ రోజు: లూయిస్ దీవి. సుమారు 5,000 ఏళ్ళ కిందట నిలబెట్టిన కాలనిష్ రాళ్ళ వలయం చూసి స్టోర్నోవే పట్టణానికి.

7వ రోజు, ఆదివారం: ఖాళీ.

8వ రోజు: స్టోర్నోవే నుంచి ఉల్లాపూల్‌కు రెండున్నర గంటలకు పైగా ఫెర్రీ. రాత్రి అక్కడే.

9వ రోజు: ఇన్వర్‌నెస్ మీదుగా గ్లాస్గోకు.

ఖాళీ రోజే అసలైన రోజు

పట్టిక చూసిన వెంటనే చాలామంది ఏడో రోజు మీద వేలు పెడతారు. "ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి ఒక రోజు ఖాళీగా కూర్చోవడమా?" అని. ఆ రోజు ఖాళీగా ఉంది కాబట్టే మిగతా ఎనిమిది రోజులు నిలబడతాయి. రెండో రోజు గాలికి ఓబన్ ఓడ రద్దయిందనుకోండి. ఖాళీ రోజు ఉంటే మొత్తం పట్టిక ఒక రోజు వెనక్కి జరుగుతుంది, అంతే. అది లేకపోతే తర్వాతి మూడు ఓడల బుకింగులు, ఐదారు రాత్రుల బసలు, చివరికి ఇంటికొచ్చే విమానం కూడా చిక్కులో పడతాయి. అందుకే తొమ్మిదో రోజు రాత్రికి విమానం పెట్టుకోవద్దు. కనీసం ఒక రోజు వదిలి తీసుకోండి.

ఆ ఖాళీ రోజు ఆదివారం కావడానికి కూడా కారణం ఉంది. లూయిస్, హారిస్ దీవుల్లో ఆదివారం విశ్రాంతి, ప్రార్థన దినం. స్టోర్నోవే నుంచి ఉల్లాపూల్‌కు ఆదివారం ఫెర్రీ మొదలైందే 2009లో. ఇప్పటికీ ఆ రోజు చాలా దుకాణాలు, పెట్రోలు బంకులు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రానికే ట్యాంకు నింపుకుని, తినడానికి కావాల్సినవి కొనిపెట్టుకోవాలి.

ఒక రోజు వెసులుబాటు కూడా చాలకపోతే ఇంకో దారి రాసి పెట్టుకోవాలి. ఓబన్ ఓడ రెండు రోజులు కదలదని తెలిస్తే, బండి మీద స్కై దీవికి వెళ్ళవచ్చు. 1995 నుంచి అక్కడికి వంతెన ఉంది. స్కైలోని యూగ్ రేవు నుంచి నార్త్ యూయిస్ట్‌కు రెండు గంటల లోపు ఫెర్రీ. బారా వదులుకోవాల్సి వస్తుంది కానీ యాత్ర ఆగదు. అలాగే తిరుగు ప్రయాణంలో స్టోర్నోవే ఓడ రద్దయితే, హారిస్‌లోని టార్‌బర్ట్ నుంచి యూగ్‌కు ఫెర్రీ ఉందేమో చూడాలి. ఈ రెండు వాక్యాలు కాగితం మీద ముందే రాసి ఉంటే, రేవులో వానలో తడుస్తూ కంగారు పడాల్సిన పని ఉండదు.

ఓడలో బండి, రోడ్డు మీద మనం

టికెట్ మీద రాసిన చెక్-ఇన్ సమయం ఓడ బయలుదేరే సమయానికి ముందే ఉంటుంది. ఆ సమయమే మనకు లెక్క. ఓడ లోపలి నేల ఇనుపది, తడిగా ఉంటే జారుతుంది. కాబట్టి నెమ్మదిగా, హఠాత్తుగా బ్రేకు కొట్టకుండా ఎక్కాలి. సిబ్బంది చూపించిన చోట బండి ఆపి, మొదటి గేరులో పెట్టి, సైడ్ స్టాండ్ వేయాలి. పట్టీలతో బిగించి కడతారు. సీటు నలగకుండా కింద ఒక పాత తువాలు పెట్టుకుంటే మంచిది. ప్రయాణంలో వాహనాల అంతస్తులో ఉండనివ్వరు. మందులు, జర్కిన్, తినేవి ముందే చేతిసంచిలో వేసుకుని పైకి వెళ్ళాలి.

మనలాగే అక్కడా ఎడమవైపు నడపడమే. కానీ దీవుల్లో చాలా రోడ్లు ఒక్క బండి పట్టేంత వెడల్పే. మధ్యమధ్యలో 'పాసింగ్ ప్లేస్' అని వెడల్పు చేసిన చోట్లుంటాయి. ఎదురుగా బండి వస్తే, ఆ చోటు మన ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే దాని ఎదురుగా ఆగి వాళ్ళను అందులోకి రానివ్వాలి. వెనక వచ్చేవాళ్ళు తొందరలో ఉంటే వాళ్ళకూ దారి ఇవ్వాలి. ఫొటోల కోసం అక్కడ బండి పెట్టకూడదు. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. కాజ్‌వేల మీద పక్కగాలి బండిని తోసేస్తుంది. పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ట్యాంకు సగానికి రాగానే నింపుకోవాలి.

మన సెలవులకు మే నెల సరిపోతుంది. అక్కడ ఏప్రిల్ నుంచి జూన్ వరకు వానలు కాస్త తక్కువ. మే చివర్లో స్టోర్నోవేలో సూర్యుడు రాత్రి పది గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. చలి మాత్రం తక్కువ కాదు. పగలే 12, 13 డిగ్రీలు, పైగా గాలి.

కాగితాల విషయం కూడా చెప్పుకోవాలి. సందర్శకులుగా వెళ్ళినవారు మోటార్‌సైకిల్‌కు చెల్లే మన లైసెన్సుతోనే అక్కడ 12 నెలల వరకు నడపవచ్చు. హెల్మెట్‌కు మాత్రం అక్కడి చట్టం ఒప్పుకునే ప్రమాణం ముద్ర ఉండాలి, అందుకే బండితో పాటే అద్దెకు తీసుకోవడం మేలు. అద్దె బండిని ఓడ ఎక్కించవచ్చో లేదో, బీమా వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. సందర్శక వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇది పెద్దవాళ్ళు నడిపే యాత్ర. చిన్నపిల్లలను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళేది కాదు. కుటుంబమంతా వెళ్ళాలంటే ఇదే పట్టిక కారుకూ పనికొస్తుంది.

దీవివాళ్ళకు ఓడ అంటే ఏమిటి?

మనకు ఓడ రద్దయితే ఒక రోజు పోతుంది. దీవిలో ఉండేవాళ్ళకు దుకాణంలో సరుకులు రావు, పెద్దాసుపత్రిలో చూపించుకోవడం వాయిదా పడుతుంది. ఈ దీవులకు ఇంకా పడమట సెయింట్ కిల్డా అనే దీవి ఉంది. బయటి ప్రపంచంతో రాకపోకలు సరిగా లేక, బతుకు సాగక, అక్కడ మిగిలిన 36 మంది 1930 ఆగస్టు 29న ఊరు ఖాళీ చేసి ఓడ ఎక్కేశారు. ఓడ చార్జీలను రోడ్డు ప్రయాణ ఖర్చుతో పోల్చి నిర్ణయించే పద్ధతిని ప్రభుత్వం 2008లో కొన్ని దీవులకు తెచ్చి, 2015 నాటికి కాల్‌మాక్ దారులన్నిటికీ విస్తరించింది. ఓడ వాళ్ళకు రోడ్డుతో సమానం అన్నమాట. చార్జీలు తగ్గాక సందర్శకులు పెరిగారు, వేసవిలో ఓడల్లో చోటుకు పోటీ కూడా పెరిగింది. కాబట్టి మీ ప్లాన్ మారితే అక్కర్లేని బుకింగును వెంటనే రద్దు చేయండి. ఆ చోటు ఒక దీవివాసికి దొరుకుతుంది.

ఇంట్లో పిల్లలతో చేసి చూడండి

• మ్యాప్‌లో నాలుగు ఓడ దారులను ఎర్ర రంగుతో, బండి దారిని నీలం రంగుతో గీయించండి.

• యాత్ర గురువారం మొదలైతే ఆదివారం ఏ రోజున పడుతుంది? పట్టికలో ఏం మార్చాలి? వాళ్ళనే ఆలోచించనివ్వండి.

• ఓబన్‌లో ఓడ మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరి 4 గంటల 45 నిమిషాలు నడిచిందనుకుందాం. చేరేసరికి మన ఇంట్లో గడియారం ఎంత చూపిస్తుంది? వేసవిలో మనం వాళ్ళకన్నా నాలుగున్నర గంటలు ముందుంటాం.

• నాలుగు ఓడల పేర్లు నాలుగు చీటీల మీద రాసి ఒకటి తీయమనండి. ఆ ఓడ గాలికి రద్దయింది. ఇప్పుడు పట్టిక మళ్ళీ రాయాలి.

ఈ నాలుగో ఆటను మాత్రం వదిలిపెట్టకండి. పరీక్షలకు టైమ్ టేబుల్ వేసుకునేటప్పుడు మన పిల్లలు ప్రతి గంటా నింపేస్తారు. ఒక రోజు జ్వరం వస్తే మొత్తం కూలిపోయి, "ఇక నావల్ల కాదు" అని కూర్చుంటారు. చీటీ తీసి పట్టికను ఒకసారి తమ చేత్తో సరిదిద్దుకున్న పిల్లలకు, ఖాళీ వదిలిన రోజు ఎందుకో మనం ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

పిల్లలు తయారుచేసిన పట్టికలను క్లాస్ టీచర్‌కు పంపండి. మొదటి పట్టికతో పాటు, చీటీ తీశాక మార్చిన రెండో పట్టిక కూడా పంపడం మరిచిపోకండి.