ఒకే కంప్యూటరు – రెండు ఉత్తరాల పెట్టెలు

గ్రామ పంచాయతీకి తపాలాలో ఉత్తరము వచ్చినచో కార్యదర్శి దానిని ఇన్‌వర్డు రిజిష్టరులో ఎక్కించి, సంఖ్య వేసి, ఫైలులో నుంచును. దానిని ఆయన తన ఇంటి బీరువాలో దాచుకొనడు. సర్పంచి జేబులో పెట్టుకొని పోడు. ఆ ఉత్తరము వ్యక్తిది కాదు, పంచాయతీది అన్న సంగతి అందరికిని తెలిసినదే.

నేడు ఉత్తరములలో పెక్కు ఇ-మెయిలుగా వచ్చుచున్నవి. పై కార్యాలయముల సూచనలు, పనుల అంచనాలు, పౌరుల దరఖాస్తులు కంప్యూటరులోనే చేరుచున్నవి. పలు కార్యాలయములలో కంప్యూటరు ఒక్కటే యుండును. దాని మీదనే ఉద్యోగి తన బ్యాంకు లేఖయు, దూరమున చదువుకొను కుమారుని ఉత్తరమును చూచుకొనుట కలదు. యంత్రము ఒక్కటియైనను ఉత్తరాల పెట్టెలు రెండుగా నుండవలెను. కాగితపు ఉత్తరము విషయమున పాటించు నియమమునే ఇచ్చటను పాటింపవలెను.

కలిసిపోయినచో కలుగు నష్టము

ఒక ఉదాహరణమును ఊహింతము. ఒక పంచాయతీ కార్యదర్శి తన సొంత ఇ-మెయిలు చిరునామానే కార్యాలయ చిరునామాగా అందరికిని ఇచ్చెను. నాలుగేండ్లు పని చక్కగా సాగెను. పిదప ఆయనకు బదిలీ యయ్యెను. మంచినీటి ట్యాంకు అంచనా, గుత్తేదారుతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరములు, ఆక్షేపణకు ఇచ్చిన సమాధానము అన్నియు ఆయనతోడనే పోయెను. క్రొత్త కార్యదర్శి వెదకినను ఫైలులో కాగితము లేదు. ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. అయినను నష్టము గ్రామమునకే.

మరియొక ప్రమాదము కలదు. సొంత పెట్టెలో ప్రకటనలు, శుభాకాంక్షలు కుప్పలుగా పడుచుండును. వాని నడుమ ఒక పౌరుని దరఖాస్తు కంటబడక పోవచ్చును. సమాచార హక్కు చట్టము, 2005 ప్రకారము దరఖాస్తును ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడ పంపవచ్చును. అది అందిన నాటి నుండి 30 దినములలోగా సమాధానము ఈయవలెను. తగిన కారణము లేక ఆలస్యము చేసిన సమాచార అధికారికి సమాచార కమిషను దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ జరిమానా విధింపవచ్చును.

చట్టము చెప్పునది

"ఇ-మెయిలు కాగితము కాదు గదా, దానికింత పట్టింపేల?" అని కొందరు అడుగవచ్చును. ఎలక్ట్రానిక్ రూపమున నున్న పత్రమునకు సమాచార సాంకేతిక చట్టము, 2000 గుర్తింపు నిచ్చినది. సమాచార హక్కు చట్టము "సమాచారము" అను మాటను నిర్వచించుచు ఇ-మెయిళ్ళను కూడ పేర్కొన్నది. కేంద్ర ప్రభుత్వము 2015లో ప్రకటించిన ఇ-మెయిలు విధానము, ప్రజలతో వ్యవహరించు అధికారులకు పదవి పేరిట చిరునామా యుండుట మంచిదని సూచించినది. దీని భావము స్పష్టము. మనిషి మారినను పదవి నిలిచియుండును. ఉత్తరము పదవిని అంటియుండవలెను.

వేరు చేయు విధము

మొదటిది చిరునామా. ప్రభుత్వము పంచాయతీకి చిరునామా ఇచ్చియున్నచో కార్యాలయపు పనులన్నిటికి దానినే వాడవలెను. లేనిచో పై అధికారుల అనుమతితో గ్రామము పేరిట ఒకటి ఏర్పరచుకొనవలెను. అందు ఏ వ్యక్తి పేరును ఉండరాదు.

రెండవది కంప్యూటరులోని ఏర్పాటు. ఒకే బ్రౌజరులో రెండు పెట్టెలను తెరచి యుంచినచో, ఒక దానినుండి పంపవలసిన జాబు వేరొక దానినుండి పోవుట సులభము. క్రోమ్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లలో "ప్రొఫైలు" అను ఏర్పాటు కలదు. కార్యాలయమునకు ఒకటి, సొంతమునకు ఒకటి పెట్టుకొనినచో రెండింటి పాస్‌వర్డులు, చూచిన పేజీల జాబితాలు వేరువేరుగా నుండును. రెండింటికి వేరు రంగు లిచ్చినచో ఏది తెరచియున్నదో చూపునకే తెలియును.

అయితే ప్రొఫైలు తడిక వంటిది. చాటు చేయునే కాని గట్టిగా అడ్డగింపదు. కంప్యూటరు ముందు కూర్చున్న వారెవరైనను సాధారణముగా రెండవ ప్రొఫైలును తెరువగలరు. పలువురు వాడు కంప్యూటరులో గోడయే కావలెను. అనగా విండోసులో ఒక్కొక్కరికి పాస్‌వర్డుతో కూడిన ప్రత్యేక యూజర్ అకౌంటు ఏర్పరచవలెను. పని ముగించి లేచునపుడు దానినుండి బయటకు వచ్చుట అలవాటు కావలెను.

మూడవది జాగ్రత్త. జాబు పంపుటకు ముందు "నుండి" అను వరుసలో ఏ చిరునామా యున్నదో ఒకసారి చూడవలెను. కార్యాలయపు ఉత్తరములు తమంతట తాము సొంత పెట్టెకు పోవునట్లు ఏర్పాటు చేయరాదు. ముఖ్యమైన ఇ-మెయిలును ఇన్‌వర్డు రిజిష్టరులో ఎక్కించి, ప్రతిని ఫైలులో నుంచవలెను.

ఫోను నంబరు ఎవరిది?

చాలమంది మరచు విషయ మొకటి కలదు. పాస్‌వర్డు మరచినపుడు దానిని మార్చుటకు వచ్చు సంకేత సంఖ్య, అనగా ఓటీపీ, ముందు నమోదైన ఫోనుకే పోవును. ఆ నంబరు బదిలీయైన ఉద్యోగిదైనచో పెట్టె పంచాయతీదైనను తాళము ఆయన వద్దనే యున్నట్లు. కావున కార్యాలయపు నంబరునే నమోదు చేయవలెను. అది లేనిచో ఉద్యోగి మారిన దినముననే నంబరును మార్చవలెను.

బాధ్యత లప్పగించు కాగితములో నగదు పుస్తకము, రశీదు పుస్తకములతోపాటు ఇ-మెయిలు చిరునామాను కూడ చేర్చవలెను. క్రొత్తగా వచ్చినవారు వెంటనే పాస్‌వర్డు మార్చుకొనవలెను.

సభ్యుల కర్తవ్యము

పంచాయతీ సభ్యులకు పాస్‌వర్డు తెలియనవసరము లేదు, తెలియరాదు కూడ. కాని రాబోవు సమావేశములో వారు మూడు ప్రశ్నలు వేయవచ్చును. మన పంచాయతీ పేరిట చిరునామా యున్నదా? దానికి నమోదైన ఫోను ఎవరిది? క్రిందటి మార్పిడిలో దానిని వ్రాతమూలకముగా అప్పగించిరా?

పంచాయతీ పద్దును ఇంటి పద్దుతో కలుపరాదని మన పెద్దలు చెప్పుదురు. ఉత్తరముల విషయమునను ఆ నీతియే వర్తించును. వేరు చేసియుంచినచో ఉద్యోగి సొంత విషయములు ఆయనకు భద్రముగా నుండును. గ్రామపు కాగితములు గ్రామమునకు దక్కును.