పాత ఆండ్రాయిడ్‌లో టెస్ట్ ఫెయిలైతే తప్పు ఎవరిది?

మా పాములపాడు వైపు కొత్త ఫోన్ కొంటే పాతది మూలన పడదు, ఇంట్లో అమ్మకో నాన్నకో వెళ్తుంది. 2025 జనవరి 30న 'మన మిత్ర' మొదలయ్యాక ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకి వచ్చేశాయి. అంటే ఆ పాత ఫోన్ ఇప్పుడు కాల్స్ కోసం మాత్రమే కాదు. యాప్ చేసేవాళ్లు దాన్ని కూడా టెస్ట్ చేయాల్సిందే.

చిక్కేంటంటే, కొత్త వెర్షన్ చూసి రాసిన టెస్ట్ స్క్రిప్ట్ పాత ఫోన్‌లో మధ్యలోనే ఆగిపోతుంది. "పాత ఫోనే కదా" అని టీమ్ దాన్ని లిస్టులోంచి తీసేస్తుంది. కానీ చాలాసార్లు యాప్ బాగానే ఉంటుంది, తికమకపడేది స్క్రిప్టే.

లొకేషన్ పర్మిషన్‌నే తీసుకోండి. ఆండ్రాయిడ్ 5లో పర్మిషన్లన్నీ ఇన్‌స్టాల్ అప్పుడే ఇచ్చేస్తాం, పాపప్ ఉండదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో పాపప్ మొదలైంది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అనే ఆప్షన్ చేరింది, బటన్ ఐడీ కూడా మారింది. ఒకే స్క్రిప్ట్ మూడు చోట్లా ఎలా నడుస్తుంది?

ఇలా చేసి చూడండి:

1. ముందు ఫోన్‌ని ఎస్‌డీకే నంబర్ అడగండి. 23 కంటే తక్కువైతే పాపప్ కోసం వెతకొద్దు. 29 నుంచి కొత్త ఐడీ వాడండి.

2. మీరు టెస్ట్ చేసేది పాపప్‌ని కాకపోతే, 'గ్రాంట్ పర్మిషన్ రూల్'తో పర్మిషన్ ముందే ఇచ్చేయండి. 23 కంటే పాత వెర్షన్లలో అది ఏమీ చేయదు, కాబట్టి ఇబ్బంది లేదు.

3. 'అలౌ' అన్న అక్షరాలతో బటన్ వెతకొద్దు. ఫోన్ తెలుగులో పెట్టుకుంటే ఆ మాటే ఉండదు. రిసోర్స్ ఐడీతో వెతకండి.

4. పాత వెర్షన్‌లో లేని ఫీచర్ టెస్ట్‌ని 'ఎస్‌డీకే సప్రెస్'తో ఆపండి. అంతేగానీ అన్నిటికీ ట్రై-క్యాచ్ చుట్టేస్తే అసలు బగ్ కూడా పాసైపోతుంది.

ఇంత చేశాక కూడా ఫెయిలైందా? అప్పుడు యాప్‌ని అనుమానించండి. ఉదాహరణకు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత రూట్ సర్టిఫికెట్ ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1ని ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లు తమంతట తాము నమ్మవు. సర్వర్ దాని మీదే ఆధారపడితే లాగిన్ స్క్రీన్ దగ్గరే కనెక్షన్ తెగిపోవచ్చు. కొత్త ఫోన్‌లో వెయ్యిసార్లు టెస్ట్ చేసినా ఇది బయటపడదు.

సపోర్ట్ తీసేయాలనుకుంటే తీసేయండి, అది మీ ఇష్టం. కానీ ఆ నిర్ణయం మీరు తీసుకోవాలి, విరిగిపోయిన స్క్రిప్ట్ కాదు.