ఒక క్రియ – అనేకార్థాలు

నిత్యవ్యవహారంలో తరచుగా వినిపించే పదాలే సాధారణంగా ఎక్కువ అర్థాలను సంతరించుకొంటాయి. ఆంగ్లంలోని 'రన్' అనే క్రియ ఇందుకు చక్కని ఉదాహరణ. జేమ్స్ మర్రే సంపాదకత్వంలో రూపుదిద్దుకొని, ఆయన మరణానంతరం 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో చాలాకాలం 'సెట్' అనే పదానిదే అతి విస్తృతమైన వివరణ. 2011లో సవరించిన 'రన్' క్రియకు 645 అర్థాలు లెక్కకు రాగా, అగ్రస్థానం దానికి దక్కింది.

ఇన్ని అర్థాలు ఎలా ఏర్పడ్డాయి? ప్రాచీనాంగ్లంలోనే ఈ క్రియకు పరుగెత్తడం, ప్రవహించడం అనే రెండర్థాలు ఉన్నాయి. ఎడతెగని చలనం ఈ రెండింటికీ సామాన్యధర్మం. ఆ పోలికను ఆధారం చేసుకొని ఈ క్రియ కాలక్రమంలో యంత్రాలకు, రైళ్ళకు, వ్యాపారాలకు, కంప్యూటర్లకు సైతం వర్తించింది. పదం అర్థపరిధి ఈ విధంగా పెరగడాన్ని భాషాశాస్త్రంలో అర్థవ్యాకోచం అంటారు.

ఆంగ్లంలో 'రన్' అనే ఒక్క క్రియ చేసే పనిని తెలుగులో అనేక క్రియలు పంచుకొంటాయి. మనిషి పరుగెత్తుతాడు; నది ప్రవహిస్తుంది; జలుబు చేసినవారి ముక్కు కారుతుంది; బస్సు నడుస్తుంది; వర్తకుడు దుకాణం నడుపుతాడు; సినిమా వంద రోజులు ఆడుతుంది; అభ్యర్థి ఎన్నికలలో పోటీచేస్తాడు. దీని వెంట 'అవుట్' చేరితే ఇంట్లో బియ్యం నిండుకొన్నాయని అర్థం. 'అవే' చేరితే పారిపోవడం. 'ఇంటూ' చేరితే ఒకరికొకరు అనుకోకుండా ఎదురుపడడం.

నిఘంటువులోని మొదటి అర్థాన్ని మాత్రమే కంఠస్థం చేసిన విద్యార్థి ఇక్కడే పొరబడతాడు. ఒంట్లో జ్వరం ఉందని చెప్పడానికీ ఆంగ్లేయులు ఈ క్రియనే వాడతారు. ఆ వాక్యాన్ని 'ఉష్ణోగ్రత పరుగెత్తుతున్నది' అని అనువదిస్తే రోగి బాధ వైద్యునికి అర్థం కాదు. అభ్యర్థి 'పదవికి పరుగెత్తినాడు' అని పత్రికలో రాస్తే, పోటీచేసిన వ్యక్తి పదవీవ్యామోహం గలవాడుగా పాఠకులకు తోస్తాడు. ఒక్క క్రియ తప్పితే వార్త నిందగా మారుతుంది.

ఈ చిక్కు ఆంగ్లానికే పరిమితం కాదు. తెలుగులో 'పట్టు' అనే క్రియను గమనించండి. జాలరి చేపలు పడతాడు. అలసినవానికి నిద్ర పడుతుంది. వానకు తడిసిన ఇనుము తుప్పు పడుతుంది. ఊరు చేరడానికి రెండు గంటలు పడుతుంది. ఎండలో నడిచేవారికి చెమట పడుతుంది. ఈ వాక్యాలన్నింటినీ ఒకే ఆంగ్లక్రియతో చెప్పడం సాధ్యం కాదు. అయినా తెలుగు పిల్లలు వీటిని పొరపాటు లేకుండా వాడతారు. వారు ఆ క్రియను విడిగా వల్లెవేయలేదు. నిద్రతో, తుప్పుతో, సమయంతో కలిపి విన్నారు.

పరభాషాక్రియను నేర్చుకోవడానికీ ఇదే మార్గం. వాక్యంలో కర్త ఎవరు, కర్మ ఏది, క్రియ వెంట ఏ పదం చేరింది, సందర్భం ఏమిటి అని పరిశీలించిన తరువాతనే అర్థాన్ని నిర్ణయించాలి. పదాన్ని దాని పరివారంతో సహా నేర్చిన విద్యార్థికి అనువాదంలో తడబాటు ఉండదు.