కుడికి తిరగాలంటే హ్యాండిల్ ఎటు తిప్పాలి?

రోజూ బైకు నడిపేవాళ్లను ఎవరినైనా ఈ ప్రశ్న అడిగి చూడండి. కుడికే అని టక్కున చెబుతారు. ఆటో నడిపేవాళ్లను అడిగినా అదే జవాబు వస్తుంది. ఆటో డ్రైవరు చెప్పింది అక్షరాలా నిజం. బైకు మనిషి చెప్పింది మాత్రం బండి కాస్త వేగం అందుకున్నాక నిజం కాదు. అయినా అతను ప్రతి మలుపులోనూ తప్పు లేకుండానే తిరుగుతున్నాడు. నోరు చెప్పేది ఒకటి, చేతులు చేసేది మరొకటి. రెండు చక్రాల మీద చెయ్యి తిరిగినవాళ్లు ఒరగని మూడు చక్రాల మోటార్‌సైకిల్ ఎక్కగానే తడబడేది ఇందుకే.

విమానం ఎగరేయకముందు రైట్ సోదరులు అమెరికాలోని డేటన్‌లో సైకిళ్ల దుకాణం నడిపారు. వారిలో పెద్దవాడు విల్బర్‌కు ఈ విషయం మీద పెద్ద ధ్యాస. ఎడమకు ఎలా తిరుగుతారని సైకిల్ తొక్కే ఎంతోమందిని అడిగాడు. హ్యాండిల్ ఎడమకు తిప్పుతామనే అన్నారు. అసలు సంగతి మొదటిసారి అడిగినప్పుడే పూర్తిగా చెప్పినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. విల్బర్ గమనించింది వేరు. ఎడమకు పోదలచినవాడు ముందుగా హ్యాండిల్‌ను రవ్వంత కుడికి తిప్పుతాడు. చక్రాలు కుడికి జరుగుతాయి, పైనున్న మనిషి ఎడమకు ఒరుగుతాడు. ఒరిగాక గానీ హ్యాండిల్ ఎడమకు రాదు. ఈ పద్ధతికి కౌంటర్‌స్టీరింగ్ అని పేరు. అది అరక్షణంలో జరిగిపోతుంది కాబట్టి చేస్తున్నవాడికే తెలియదు.

అరచేతిలో చీపురుకట్టను నిలబెట్టి నడిచేవాళ్లు చేసే పని కూడా ఇదే. చీపురు కుడికి వాలాలంటే ముందు చెయ్యి ఎడమకు జరగాలి. బైకుకు ఆ చెయ్యి ముందు చక్రం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరగాలంటే బండి లోపలికి దాదాపు 30 డిగ్రీలు ఒరగాలి. బరువైన బుల్లెట్‌కైనా తేలికపాటి స్కూటీకైనా లెక్క ఇంచుమించు ఒకటే. ఒరుగు తక్కువైతే మలుపు వెడల్పై బండి రోడ్డు అంచుకు చేరుతుంది.

తిరుగుతున్న చక్రం బొంగరంలా పనిచేసి బండిని నిలబెడుతుందని చాలా పుస్తకాలు రాశాయి. 1970లో ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త డేవిడ్ జోన్స్ ముందు చక్రం పక్కనే ఎదురు దిశలో తిరిగే ఇంకో చక్రం బిగించి ఆ ప్రభావాన్ని తుడిచేశాడు. సైకిల్ మామూలుగానే తొక్కగలిగాడు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు కలిసి ఆ ప్రభావం ఏమాత్రం లేని చిన్న సైకిల్ తయారు చేసి తోసి వదిలితే అది మనిషి లేకుండానే పడకుండా సాగింది. ఎటు పడబోతే అటు హ్యాండిల్ తిరగడమే బండిని నిలబెట్టే ముఖ్యమైన సూత్రం. మన చేతులు చిన్నప్పుడు మోకాళ్లు గీరుకుపోతూ నేర్చుకున్నది ఇదే.

ఇప్పుడు అదే మనిషిని ఒరగని మూడు చక్రాల బండి మీద కూర్చోబెట్టండి. మలుపు వచ్చింది, కుడికి పోవాలి. అలవాటు కొద్దీ కుడి చేతి పిడిని మెల్లగా ముందుకు నొక్కుతాడు. బైకైతే కుడికి ఒరిగేది. ఈ బండి మాత్రం చక్రం ఎటు చూస్తే అటే, అంటే ఎడమకు పోతుంది. భయపడి ఇంకాస్త గట్టిగా నొక్కితే ఇంకాస్త ఎడమకు. మొదటి నిమిషంలో చాలామంది భుజాలు బిగుసుకుపోయేది ఇక్కడే. ఇక్కడ పిడిని నొక్కకూడదు, లోపలివైపు పిడిని తన వైపు లాక్కోవాలి, బయటివైపుదాన్ని తోయాలి. ఒళ్లు మాత్రం మలుపు లోపలికి వంచాలి. బండి ఒరగదు కాబట్టి మలుపు మనిషిని బయటికి తోస్తుంది. బైకు మీద ఆ తోపు సీటులోకే దిగిపోయేది, పక్కకు తెలిసేది కాదు.

మన రోడ్ల అంచు వాలు ఇంకో చిక్కు. నీళ్లు పోవడానికి రోడ్డు ఎడమ అంచు కాస్త కిందికి ఉంటుంది. మూడు చక్రాల బండి ఆ వాలుతో పాటే ఎడమకు వంగి నడుస్తుంది. బైకు మనిషికి అది పడిపోతున్నట్టు తోస్తుంది. పడబోయే వైపు హ్యాండిల్ తిప్పాలన్నది అతని చేతులకు పుట్టుగుణం లాంటిది. తిప్పగానే బండి నేరుగా కాలువ వైపు పోతుంది. ఆటో నేర్చుకునే బైకు మనిషికి పక్కన కూర్చున్నవాళ్లు మొదట చెప్పే మాట బండి పడిపోదు, నువ్వు దాన్ని నిలబెట్టే పని పెట్టుకోవద్దు అని.

ఈ రెండు రకాల బండ్లూ పుట్టుకలోనే కలిసి ఉన్నాయి. 1885లో జర్మనీలోని కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ కలిసి చెక్క చట్రంలో 264 సీసీ ఇంజను పెట్టి మొదటి పెట్రోలు మోటార్‌సైకిల్ తయారు చేశారు. శక్తి అర హార్స్‌పవర్. దానికి రెండు పెద్ద చక్రాలతో పాటు పడకుండా పక్కన రెండు చిన్న చక్రాలు ఉండేవి. చరిత్రలో మొదటి మోటార్‌సైకిల్‌కు సైడ్ వీల్స్ ఉన్నాయన్నమాట. డైమ్లర్ కొడుకు పౌల్ ఆ ఏడాది నవంబరులో దాని మీద పక్క ఊరు ఉంటర్‌ట్యూర్క్‌హైమ్‌కు వెళ్లాడు. రెండు నెలలు గడిచాక, 1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటుకు పెట్టుకున్న బండికి మూడు చక్రాలే.

మూడు చక్రాల మోటార్‌సైకిల్‌కు నిలకడైన బతుకుతెరువు చూపించింది హార్లీ డేవిడ్‌సన్ 1932లో తెచ్చిన సర్వీ కార్. అమెరికా గ్యారేజీ మెకానిక్ దాని మీద కస్టమరు ఇంటికి వెళ్లి, దాన్ని కారు వెనక తగిలించి, కారు నడుపుకుంటూ గ్యారేజీకి వచ్చేవాడు. తర్వాత పార్కింగు చూసే పోలీసులకు అది ఆనవాలుగా మారింది. 1973 దాకా, అంటే నలభై ఏళ్లకు పైగా తయారైంది. మెల్లగా నడిచే, ఆగి ఆగి సాగే పనికి మూడు చక్రాలు ఎంత అనువో ఆ బండి రుజువు చేసింది.

మనకు అదే పాఠం ఇటలీ మీదుగా వచ్చింది. పియాజియో సంస్థ తన వెస్పా స్కూటరు వెనక ఒక చక్రం తీసి రెండు పెట్టి, సరుకుల పెట్టె బిగించి 1948లో ‘ఆపే’ అనే బండి తెచ్చింది. బజాజ్ 1959లో ప్రభుత్వ లైసెన్సు పొంది పియాజియో ఒప్పందంతో స్కూటర్లూ ఆటోలూ చేయడం మొదలుపెట్టింది. మన ఆటోకు స్టీరింగు చక్రం బదులు స్కూటరు హ్యాండిల్ ఉండటానికి కారణం ఈ వంశమే. హైదరాబాదులోనూ విజయవాడలోనూ పగలంతా ఆటో నడిపి, రాత్రి బైకెక్కి ఇంటికి వెళ్లే మనుషులు వేలల్లో ఉన్నారు. ఒకే ఆకారంలో ఉన్న హ్యాండిల్‌ను రోజుకు రెండు రకాలుగా తిప్పే ఆ నేర్పును ఎవరూ నేర్పుగా లెక్కగట్టలేదు. నా దృష్టిలో అది గొప్ప విద్య.

చక్రాలు ఎటు ఎన్ని అన్నది ప్రాణాల మీదికి తెచ్చే ప్రశ్న. ఆటోలా ముందు ఒకటి, వెనక రెండు ఉంటే మలుపులో బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందుకూ బయటికీ తూలుతుంది. అటు మూలలో ఆదుకునే చక్రం లేదు. వేగంగా కట్ కొడుతూ బ్రేకు వేసిన ఆటో బోల్తా పడేది అందుకే. ముందు రెండు, వెనక ఒకటి ఉంటే అదే బరువు బయటి ముందు చక్రం మీదికి చేరుతుంది, బండి నిలుస్తుంది.

ఈ సంగతి అమెరికా చేదు అనుభవంతో నేర్చుకుంది. హోండా 1970లో బెలూన్ టైర్లతో, ముందు ఒకే చక్రంతో ఒక ఆటబండి తెచ్చింది. ఇసుకలో, పొలాల్లో నడపడానికి అది. మూడు చక్రాలు కదా, పడదులే అనుకుని పిల్లలను కూడా ఎక్కించారు. వెనక ఇరుసు ఒకటే కడ్డీ కావడంతో తిరగాలంటే ఒంటితో బరువు మార్చాలి, అది తెలియక తిరగబడినవి ఎన్నో. ఇతర కంపెనీలూ ఇలాంటివే అమ్మాయి. గాయాలు, మరణాలు పెరిగాక 1988లో కంపెనీలు ప్రభుత్వంతో కోర్టు ఒప్పందానికి వచ్చి కొత్త మూడు చక్రాల ఆటబండ్ల అమ్మకం ఆపేశాయి. నాలుగు చక్రాలవి మిగిలాయి.

మరి బైకులా ఒరుగుతూ, ఆటోలా నిలబడే బండి కుదరదా? ఇంగ్లండులో జార్జ్ వాలిస్ దీని మీద చాలా కాలం పనిచేశాడు. బండిని మధ్యలో కీలుతో కలిపాడు. మనిషి ఉన్న ముందు సగం ఒరుగుతుంది, ఇంజనూ రెండు చక్రాలూ ఉన్న వెనక సగం నేల మీద చదునుగా ఉంటుంది. బీఎస్ఏ కంపెనీ దాన్ని 1970లో ఏరియల్ 3 పేరుతో అమ్మితే ఘోరంగా దెబ్బతింది. వాలిస్ పేటెంట్లను వాడుకుని హోండా 1980ల మొదట్లో గైరో బండ్లు తెచ్చింది. పైకప్పు ఉన్న గైరో జపాన్ వీధుల్లో పిజ్జాలు మోసింది. 2006లో పియాజియో ఎంపీ3 ముందు రెండు చక్రాలనూ సమాంతర కడ్డీలతో కలిపి మూడింటినీ ఒరిగేలా చేసింది. సిగ్నల్ దగ్గర ఆగుతున్నప్పుడు మీట నొక్కితే ఒరుగు బిగుసుకుంటుంది, కాలు కింద పెట్టనక్కర్లేదు. 2018లో యమహా నైకెన్ 847 సీసీ ఇంజనుతో 45 డిగ్రీల దాకా ఒరిగే పెద్ద బండిగా వచ్చింది. వీటి మీద బైకు మనిషి చేతులు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. రెండు చక్రాల నడకను చెడగొట్టకుండా ముందు పట్టు పెంచడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన పని అనిపిస్తుంది.

కెనడా సంస్థ బీఆర్‌పీ దీనికి ఎదురు దారి పట్టింది. మంచు మీద నడిచే స్నోమొబైళ్లు దాని పాత వ్యాపారం. ముందు రెండు స్కీలు, వెనక ఒక పట్టా, నేరుగా తిరిగే హ్యాండిల్. అదే అమరికలో చక్రాలు పెట్టి 2007లో క్యాన్-ఆమ్ స్పైడర్ తెచ్చింది. ఇది ఒరగదు. లోపలి చక్రం లేవబోతే కంప్యూటరే ఇంజను శక్తి తగ్గించి బ్రేకు వేస్తుంది. మూడు చక్రాల బ్రేకులూ ఒక్క కాలి పెడల్‌కే. కుడి చేతి కింద బ్రేకు మీట లేదు.

ఆ ఖాళీ వేళ్లే తిరిగి బైకెక్కినప్పుడు తంటా తెస్తాయి. బైకును ఆపే బలంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. స్పైడర్‌కు అలవాటుపడ్డ మనిషి అత్యవసరంలో కాలినే నమ్ముకుంటే వెనక చక్రం జారుతుంది, దూరం పెరుగుతుంది. సిగ్నల్ దగ్గర కాలు పెట్టడం మరిచిపోతే నిలుచున్న బండి పక్కకు కూలుతుంది. బైకు నుంచి మూడు చక్రాలకు పోయినవాళ్లకు దీనికి తలకిందుల ప్రమాదం. వెనక రెండు చక్రాలున్న బండి కదులుతుండగా అలవాటుగా కాలు దించితే వెనక చక్రం ఆ పాదం మీదికే వస్తుంది.

చేతుల అలవాటు ఎంత మొండిదో అమెరికా ఇంజనీరు డెస్టిన్ శాండ్లిన్ 2015లో చూపించాడు. హ్యాండిల్ కుడికి తిప్పితే చక్రం ఎడమకు తిరిగేలా మార్చిన సైకిల్ నేర్చుకోవడానికి ఆయనకు ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత మామూలు సైకిల్ ఎక్కితే వెంటనే తొక్కలేకపోయాడు. ఇరవై నిమిషాలు తిప్పలు పడ్డాక ఒక్కసారిగా పాత విద్య తిరిగొచ్చింది. రెండూ రోజూ నడిపే ఆటో డ్రైవర్లకు ఈ బాధ ఉండదు, ఎందుకంటే వాళ్లు రెంటినీ ఆరనివ్వరు. చాలా కాలం ఒకదాని మీదే ఉండి హఠాత్తుగా మారేవాళ్లకే ముప్పు. లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ హర్ట్ బృందం 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడే పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలో కౌంటర్‌స్టీరింగ్‌తో తప్పుకోవడం ఆ రైడర్లలో దాదాపు కనబడలేదని అందులో ఉంది. మామూలు మలుపులో చేతులు వాటంతటవే చేసే పని గండం ఎదురైతే రాదు. తెలిసి సాధన చేసినవాళ్లకే వస్తుంది.

ఫ్రాన్స్‌లో ముందు చక్రాల మధ్య కనీసం 46 సెంటీమీటర్ల ఎడం ఉన్న ఎంపీ3 లాంటి బండిని కారు లైసెన్సుతో నడపనిస్తారు. కానీ 2011 నుంచి దానికి 7 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. మన దగ్గర ఈ మార్పు ఎక్కువగా ఎదురయ్యేది ఖరీదైన స్పైడర్ల మీద కాదు, దివ్యాంగుల కోసం వెనక సైడ్ వీల్స్ బిగించిన స్కూటీల మీద. ఆ చక్రాలు బిగించిన మరుక్షణం స్కూటీ ఒరగడం మానేస్తుంది, హ్యాండిల్ నియమం ఆటోదైపోతుంది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, అంతకు ముందు ఏళ్ల తరబడి బైకు నడిపిన మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పకుండా తాళం చేతికిచ్చి పంపడం అన్యాయం. బిగించే మెకానిక్‌లు, పంచే అధికారులు, ఇంటివాళ్లు దయచేసి ఒక పని చేయండి. రోడ్డెక్కే ముందు ఆ బండిని ఖాళీ మైదానానికి తీసుకెళ్లండి. తక్కువ వేగంలో కుడికీ ఎడమకీ వలయాలు తిప్పించండి, మలుపుకు ముందే బ్రేకు వేయడం అలవాటు చేయించండి, వాలు నేల మీద నేరుగా నడిపించండి. హ్యాండిల్ ఎటు తిప్పితే బండి అటే పోతుందని చేతులకు నమ్మకం కుదిరేదాకా ట్రాఫిక్‌లోకి పంపకండి.