తంతి చెప్పే గాలి లెక్క

ఎండాకాలంలో కారు లాగడం లేదంటే, ల్యాప్‌టాప్ తగిలించి ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కల పట్టికను (మ్యాప్) మార్చేద్దామనే సలహా ఇప్పుడు సులువుగా దొరుకుతోంది. కర్నూలు, కడప ఎండల్లో ఆ లాగకపోవడంలో కొంత అసలు జబ్బే కాదు. 15 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 1.22 కిలోలు తూగితే 45 డిగ్రీల వద్ద 1.11 కిలోలే తూగుతుంది. సిలిండర్ నిండా పీల్చినా లోపలికి చేరే గాలి 9 శాతం తక్కువే. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు. ఇంజన్ కంప్యూటర్ చేయగలిగిందల్లా వచ్చిన గాలిని సరిగ్గా తూచి, దానికి తగ్గ పెట్రోలు పోయడమే. ఆ తూకం వేసేది మాఫ్ సెన్సార్. (మన చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఇది ఉండదు, గాలి ఒత్తిడిని కొలిచే సెన్సార్‌తో సరిపెడతారు.) మాఫ్ సెన్సార్ వోల్టేజీని గాలి బరువుగా మార్చే పట్టికను సాఫ్ట్‌వేర్‌తో దిద్దడం అవసరమైన విద్యే. కాకపోతే సీమ దుమ్ములో అది మొదట చేయాల్సిన పని కాదు, అన్నీ చూశాక చివర్లో చేయాల్సింది.

ఎయిర్ ఫిల్టర్ దాటాక గొట్టంలో సన్నని ప్లాటినం తంతినో, పలుచని పొరనో కరెంటుతో వేడిగా ఉంచుతారు. పోయే గాలి దాన్ని చల్లారుస్తుంటుంది. వేడి పడిపోకుండా నిలపడానికి ఎంత కరెంటు పట్టిందో చూస్తే ఎంత గాలి పోయిందో తెలుస్తుంది. ఈ సంబంధాన్ని 1914లో ఎల్.వి. కింగ్ సూత్రంగా రాశాడు: వేగం నాలుగింతలైనా, గాలి వల్ల తంతి కోల్పోయే వేడి రెండింతలే అవుతుంది. అందుకే వోల్టేజీని గ్రాముల్లోకి మార్చడానికి ఒక గుణకం చాలదు, వంపు తిరిగిన పట్టిక కావాలి. గాలి పలచబడితే తంతికి తగిలే చల్లదనమూ తగ్గుతుంది; బయటి వేడిని సర్దుకునే ఏర్పాటూ సెన్సార్‌లోనే ఉంటుంది. కాబట్టి మే నెలకు ఒక పట్టిక, డిసెంబరుకు ఇంకొకటి అక్కర్లేదు.

తప్పు పుట్టేది వేరేచోట. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లు కోసే చోట్ల, సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో లేచే తెల్లపొడి లోపలికి దూరడానికి ఫిల్టర్ అంచు సరిగ్గా కూర్చోకపోతే చాలు. నూనె పట్టించిన ఫిల్టర్ వాడితే, తంతి మీదికి చేరిన జిడ్డుకు ఆ పొడి అతుక్కుపోతుంది. పాత బాష్ తంతులు ఇంజన్ ఆపగానే క్షణంసేపు సుమారు 1000 డిగ్రీలకు ఎక్కి మురికిని కాల్చుకునేవి. ఇప్పటి పొర సెన్సార్లలో ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు, పైగా రాతిపొడి కాలి ఆవిరయ్యే సరుకు కాదు. మురికి కప్పుకున్న సెన్సార్, ముఖ్యంగా గాలి జోరుగా పోయేటప్పుడు, ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటుకుంటే తూకపురాళ్లు మారుస్తామా, పళ్లెం తుడుస్తామా?

సాఫ్ట్‌వేర్ పద్ధతి చూడ్డానికి తేలికే. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ మాట విని కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె ఫ్యూయల్ ట్రిమ్. దాన్ని వోల్టేజీవారీగా నమోదు చేస్తారు. 2.5 వోల్టుల గడిలో సెకనుకు 30 గ్రాములని ఉండి, అక్కడ ట్రిమ్ నిలకడగా 8 శాతం పెంపు చూపితే దాన్ని 32.4 చేస్తారు. అయితే ఆ 8 శాతం గాలి లెక్కలోని తప్పేనని ఎలా నమ్మడం? గ్రాము మామూలు పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 చాలు. 2025 నాటికి మన బంకుల్లో పోస్తున్నది ఎక్కువగా ఈ రెండో రకమే. ఇథనాల్ లేని పెట్రోలుకు లెక్క కట్టిన పాత కారులో సెన్సార్ నిక్షేపంగా ఉన్నా ట్రిమ్ అటూఇటుగా ఆ 8 దగ్గరికే చేరవచ్చు. పెట్రోలు పంపు నీరసించినా అంతే.

అంకె ఎక్కడ దిద్దితేనేం, చివరికి పెట్రోలు సరిపోయింది గదా అనవచ్చు. పెట్రోలుతో ఆగితే ఆ మాట నిజమే. కానీ స్పార్క్ ఎప్పుడు పడాలో కూడా కంప్యూటర్ ఆ గాలి అంకెను చూసే తేలుస్తుంది. ఇథనాల్ లోటును గాలి ఖాతాలో రాస్తే ఇంజన్ మీద లేని బరువు ఉన్నట్టు కనబడి స్పార్క్ ఆలస్యమవుతుంది, పికప్ పోతుంది. మురికి సెన్సార్‌ను అలాగే వదిలి ఇంజెక్టర్ లెక్క పెంచితే మరీ ప్రమాదం: బరువు తక్కువగా తోచి స్పార్క్ ముందే పడుతుంది, 45 డిగ్రీల వేడిలో ఇంజన్ నాకింగ్‌కు దిగుతుంది. ఆక్సిజన్ సెన్సార్ ఎలాగూ సర్దుతుందిలే అనుకోవడానికీ లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో కంప్యూటర్ దాని మాట వినడం మానేసి నేరుగా పట్టికనే నమ్ముతుంది.

పట్టిక మార్చక తప్పని సందర్భమూ ఉంది: గొట్టమే మార్చినప్పుడు. వ్యాసం 10 శాతం పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, అదే గాలి నెమ్మదిగా సాగుతుంది, సెన్సార్ మోసపోతుంది. అప్పుడు కర్నూలు నుంచి నంద్యాల దాకా ఒకే వేగంతో నడిపి తెచ్చిన అంకెలు పట్టికలో నడిమి గళ్లనే నింపుతాయి. గాలి జోరుగా పోయే పై గళ్లకు పొగలోని గాలి-పెట్రోలు నిష్పత్తిని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్, వీలైతే ఇంజన్ బలం కొలిచే డైనో కావాలి. కంప్యూటర్ 12.6 నిష్పత్తి కోరితే పొగలో 13.4 కనబడిందంటే, పెట్రోలు ఒత్తిడి సరిగ్గా ఉందని తేల్చుకున్నాకనే ఆ గడిని 6 శాతం పెంచాలి.