కొత్త గంజీఫా కట్టను పరీక్షించుట

గంజీఫా గుండ్రని చిత్రపత్రములతో ఆడు పాతకాలపు పేకాట. దశావతార గంజీఫాలో పది అవతారములకు పది రంగులు, రంగునకు 12 పత్రములు. కొత్త కట్టను చూడగనే బొమ్మలకు మురియుట సహజము. మేము మాత్రము ముందుగా పత్రములను బోర్లించి చూడుడని చెప్పుదుము. ముగ్గురు ఆటగాండ్రు 120 పత్రములను 40 చొప్పున పంచుకొందురు. ఒక్కదాని వీపుపై మచ్చయున్నను గుట్టు బయటపడును.

పిదప పత్రములను విసనకఱ్ఱవలె చేతిలో విప్పవలెను. అంచు మాత్రమే కనబడునపుడు మత్స్యమునకు చేప, పరశురామునకు గొడ్డలి ఆనవాలు చిక్కుచున్నవా? ప్రతి రంగునను రాజు, మంత్రి, ఆపైని ఒకటి మొదలు పదివరకు పత్రములు గలవు. సగము రంగులలో మంత్రి తరువాత పది పెద్దది. తక్కిన సగమున ఒకటి పెద్దది. ఇచ్చట తడబడని కొత్త ఆటగాడు అరుదు. రంగులు స్పష్టముగా వేరుపడని కట్ట ఎంత అందమైనదైనను ఆటకు కొఱగాదు.

సముద్రతీర గ్రామములలో మఱియొక పరీక్ష అవసరము. చింతగింజల జిగురుతో అంటించిన పత్రమునకు లక్కపూత చాలనిచో ఉప్పుగాలికి తేమ పీల్చి ఒండొంటికి అంటుకొనును. రెండు పత్రములను ఒక రాత్రి కిటికీలో ఉంచి చూడవలెను. అమ్మువారికిది రుచింపదు, నిజమే!

ఒకప్పుడు నిర్మల్‌లోను, కర్నూలు సీమయందలి నొస్సములోను ఈ పత్రములను చిత్రించెడివారు. నేటి కట్టలు పెక్కు గాజుబీరువాలకే చేరుచున్నవి. కొన్నవారిని తప్పుపట్టము, కాని ఆడువారు లేనిచో ఏ రంగున ఏది పెద్దదో చెప్పువారును మిగులరు. పగటి ఆట రామునితోను, రాత్రి ఆట కృష్ణునితోను మొదలగును. కట్ట విప్పగనే ఆ రెండు రాజుపత్రములను వెదకుడు.